ఏ కోర్సుకు ఎంత జీతం? సగటు లెక్కలో కనపడని మూడు గేట్లు

ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి దోస్త్, ఎంసెట్ కౌన్సెలింగ్‌లు ముగిసేదాకా మన వాడల్లో, బస్తీల్లో, సంక్షేమ హాస్టళ్లలో ఒకే ప్రశ్న తిరుగుతుంటుంది. ఏం చదివితే నాలుగు రూపాయలు సంపాదించుకోవచ్చు? సమాధానం చెప్పేవాళ్లకు కొదవ లేదు. ప్రైవేటు కాలేజీల పీఆర్వోలు ఇంటికే వచ్చి చెబుతారు. యూట్యూబ్ వీడియోలు చెబుతాయి. కంప్యూటర్ సైన్స్ అయితే బతుకు మారిపోతుందనీ, బీఏ అయితే ఎందుకూ పనికిరాదనీ అందరూ ఒకే మాట అంటారు.

ఈ మాటలో కొంత నిజం ఉంది. కోర్సును బట్టి జీతం మారుతుందని పరిశోధనలు కూడా చెబుతున్నాయి. కానీ అవి చెప్పేది సగటు. ఆ సగటులో ఇంట్లో ఇంగ్లిష్ పేపరు వచ్చే పిల్లలున్నారు, మేనమామ కంపెనీలో మేనేజరుగా ఉన్న పిల్లలున్నారు, నాలుగేళ్లు ఉద్యోగం రాకపోయినా ఇల్లు గడిచే పిల్లలున్నారు. వాళ్ల సగటు మన పిల్లలకు వర్తిస్తుందా? ఈ వ్యాసంలో మేము చూడదలచింది ఇదే. మా వాదన ఒక్క వాక్యంలో: జీతం కోర్సు పేరులో లేదు, ఆ కోర్సు నుంచి ఉద్యోగందాకా ఉన్న దారిలో ఉంది. ఆ దారి మీద మూడు గేట్లున్నాయి. ఒక్కో గేటు దగ్గర కులం ఒక్కో రూపంలో నిలబడి ఉంటుంది.

సబ్జెక్టు ఎంపిక మన చరిత్రలో ఎప్పుడూ ఇష్టాయిష్టాల వ్యవహారం కాదు. బాబాసాహెబ్ అంబేద్కర్ హైస్కూల్లో సంస్కృతం చదవాలనుకున్నారు. అంటరాని పిల్లవాడికి సంస్కృతం చెప్పరు కాబట్టి పర్షియన్ తీసుకోవలసి వచ్చింది. 1912లో ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ నుంచి అర్థశాస్త్రం, రాజనీతి శాస్త్రాలతో బీఏ చేశారు. తర్వాత కొలంబియాలో, లండన్‌లో అర్థశాస్త్రం, గ్రేస్ ఇన్‌లో న్యాయశాస్త్రం చదివారు. ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో సభ్యుడిగా ఉన్న కాలంలోనే, 1944లో, ఎస్సీ విద్యార్థుల పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ మొదలైంది. ఇవాళ మనం ఫీజు రీయింబర్స్‌మెంట్ అని పిలుచుకునే దానికి మూలం అక్కడుంది.

ఎవరు ఏం చదువుతున్నారు

ముందు మనం ఎక్కడున్నామో చూద్దాం. కేంద్ర విద్యాశాఖ చేసే అఖిల భారత ఉన్నత విద్యా సర్వే 2021-22 ప్రకారం దేశంలో ఉన్నత విద్యలో ఉన్నవాళ్లు 4.33 కోట్ల మంది. అందులో ఎస్సీలు 66.23 లక్షలు, అంటే 15.3 శాతం. 2011 జనాభా లెక్కల్లో ఎస్సీల వాటా 16.6 శాతం. 18 నుంచి 23 ఏళ్ల జనాభాతో పోల్చి లెక్కించే స్థూల నమోదు నిష్పత్తి అందరికీ కలిపి 28.4 అయితే, ఎస్సీలకు 25.9. తేడా ఇంకా ఉంది, కానీ తగ్గుతూ వచ్చింది. కాలేజీ గడప తొక్కే పోరాటంలో మన ముందు తరం చాలా దూరం నడిచింది.

ఇక అదే సర్వే ప్రకారం డిగ్రీ స్థాయిలో ఎక్కువమంది చదువుతున్నది ఆర్ట్స్, 34.2 శాతం. సైన్స్ 14.8, కామర్స్ 13.3, ఇంజనీరింగ్, టెక్నాలజీ 11.8 శాతం. అంటే టీవీ ప్రకటనల్లో కనిపించే ఇంజనీరింగ్ ప్రపంచం మొత్తం విద్యార్థుల్లో ఎనిమిదో వంతు కూడా కాదు. ఎక్కువమంది పిల్లలు చదువుతున్న కోర్సుల గురించే తక్కువ సమాచారం ఉంది.

డిగ్రీ ఉంటే చాలు అనుకునే రోజులు కూడా పోయాయి. 2022-23 శ్రామిక సర్వేలో 15 ఏళ్లు దాటినవారందరిలో నిరుద్యోగం 3.2 శాతం అయితే, గ్రాడ్యుయేట్లలో 13.4 శాతం. చదువు లేనివాడు ఏ కూలిపనో దొరికితే చేస్తాడు, సర్వేలో ఉద్యోగస్థుడిగా లెక్కకొస్తాడు. డిగ్రీ చదివిన పిల్ల ఆ పనికి వెనక్కి పోలేదు, ముందుకు పోయే దారి తెరుచుకోదు. మధ్యలో ఆగిపోయే ఈ కాలం ఎంత పొడవన్నది కోర్సు మీద కొంత, ఇంటి స్థితి మీద ఎంతో ఆధారపడి ఉంటుంది.

జీతం కోర్సుదా, చదివినవాళ్లదా?

ఇంజనీర్ల సగటు జీతం బీఏ చదివినవాళ్ల కంటే ఎక్కువ అన్నప్పుడు రెండు విషయాలు కలిసిపోతాయి. ఇంజనీరింగ్ చదువు వల్ల వచ్చిన లాభం ఒకటి. ఇంజనీరింగ్‌లో చేరిన పిల్లల దగ్గర ముందే ఉన్న లాభం, అంటే మంచి స్కూలు, కోచింగ్, ఇంగ్లిష్, డబ్బు, రెండోది. ఈ రెండిటినీ విడదీయకపోతే లెక్క తప్పుతుంది.

విడదీయడానికి పరిశోధకులు ఒక ఉపాయం వాడతారు. కటాఫ్‌కు ఇటూ అటూ పక్కపక్కనే ఉన్న విద్యార్థులను పోలుస్తారు. ఒకరికి అర మార్కుతో సీటు వచ్చింది, ఇంకొకరికి అర మార్కుతో పోయింది. మిగతా అన్నిటిలో ఇద్దరూ దాదాపు ఒకటే. తర్వాత వాళ్ల జీతాల్లో తేడా వస్తే అది ఆ సీటు వల్ల వచ్చిందే.

అమెరికాలో ఇలాంటి అధ్యయనం ఒకటి పేరుమోసింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా క్రూజ్ క్యాంపస్‌లో అర్థశాస్త్రం ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవాలంటే మొదటి కోర్సుల్లో 2.8 గ్రేడు సగటు రావాలని నియమం పెట్టారు. జాకరీ బ్లీమర్, ఆశిష్ మెహతా 2022లో ప్రచురించిన పరిశోధనలో, ఆ గీత అంచున దాటినవాళ్లు తమ రెండో ఎంపిక సబ్జెక్టు చదివి ఉంటే వచ్చేదాని కంటే ఏడాదికి 22,000 డాలర్లు, అంటే 46 శాతం, ఎక్కువ సంపాదించారని తేల్చారు. సబ్జెక్టు వల్ల జీతం నిజంగానే మారుతుందని ఇది చూపింది. ఆ లాభంలో దాదాపు సగం, ఆ విద్యార్థులు ఎక్కువ జీతాలిచ్చే పరిశ్రమల్లో చేరడం వల్ల వచ్చిందని కూడా వాళ్లే లెక్కగట్టారు. పాఠం ఎంత ముఖ్యమో, ఆ పాఠం ఏ తలుపు దగ్గరికి తీసుకుపోతుందన్నదీ అంతే ముఖ్యం.

ఆ ఇద్దరే ఇంకో పరిశోధనలో మనం గమనించవలసిన విషయం చెప్పారు. అమెరికా ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి గ్రేడు నియమాలు పెరిగేకొద్దీ నల్లజాతి, హిస్పానిక్ వంటి అణగారిన సమూహాల పిల్లలు మంచి జీతమిచ్చే సబ్జెక్టుల నుంచి తక్కువ జీతమిచ్చే వాటికి నెట్టబడుతున్నారు. కాలేజీలోకి రానిచ్చి లోపల గీత గీయడమన్నమాట. మన దగ్గర ఆ పని ర్యాంకు చేస్తుంది.

మన దేశంలో ఇంజనీరింగ్ మీద ఇలాంటి అధ్యయనమే మరియాన్ బెర్ట్రాండ్, రెమా హన్నా, సెంథిల్ ముల్లైనాథన్ 2010లో ప్రచురించారు. రిజర్వేషన్ కటాఫ్ అంచున సీటు పొందిన కింది కులాల విద్యార్థులకు ప్రవేశ పరీక్షలో మార్కులు చాలా తక్కువే అయినా, ఇంజనీరింగ్ సీటు వల్ల వాళ్ల ఆదాయం గట్టిగా పెరిగిందని తేలింది. రిజర్వేషన్ పిల్లలు చదవలేక నష్టపోతారనే వాదనకు ఇది నేరుగా జవాబు. అయితే అదే అధ్యయనంలో ఇంకో అంకె ఉంది. అంచున సీటు పొందిన పైకులం విద్యార్థికి ఆదాయంలో కలిగిన లాభం కింది కులం విద్యార్థికి కలిగిన దానికి దాదాపు రెట్టింపు. అదే సీటు, అదే పట్టా. చేతికొచ్చిన లాభం మాత్రం సగం. ఆ మిగతా సగం ఎక్కడ పోతోందో తెలుసుకోవాలంటే గేట్ల దగ్గరికి వెళ్లాలి.

మొదటి గేటు: ఇంటర్ గ్రూపు

డిగ్రీలో ఏం చదవాలన్న నిర్ణయం చాలామందికి పదిహేనేళ్లకే అయిపోతుంది. ఎంపీసీ, బైపీసీ తీసుకోకుండా సీఈసీ, హెచ్ఈసీ తీసుకున్న అమ్మాయికి ఇంజనీరింగ్, మెడిసిన్, వ్యవసాయం, నర్సింగ్ తలుపులు చాలావరకు ఆ రోజే మూసుకుంటాయి. తరుణ్ జైన్ తదితరులు భారత మానవాభివృద్ధి సర్వే సమాచారంతో చేసిన పరిశోధనలో, హయ్యర్ సెకండరీలో సైన్స్ చదివిన పురుషులు కామర్స్, ఆర్ట్స్ చదివినవాళ్ల కంటే 22 శాతం ఎక్కువ సంపాదిస్తున్నారని తేలింది. ఇంగ్లిష్ కూడా వస్తే ఆ తేడా ఇంకా పెరిగింది. ఇది మగవాళ్ల లెక్క మాత్రమేనని గుర్తుపెట్టుకోవాలి. జీతపు పనిలో ఆడవాళ్లు తక్కువగా ఉన్న దేశంలో వాళ్ల చదువు విలువ సర్వేల్లో సరిగా కనిపించదు.

గ్రూపు ఎంపిక ఎలా జరుగుతుంది? ఊళ్లో ఉన్న స్కూల్లో లెక్కల టీచరు లేకపోతే పిల్లకు లెక్కలంటే భయం. దగ్గర్లోని ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ల్యాబు లేకపోతే సైన్సు మీద ఆశ లేదు. ఆడపిల్ల అయితే బస్సు వచ్చే ఊళ్లో ఉన్న గ్రూపే ఆమె గ్రూపు. ఇదంతా జరిగాక ఆమెకు ఆర్ట్స్ అంటే ఇష్టమని రాసేస్తారు. గురుకులాల విలువ ఇక్కడే తెలుస్తుంది. హాస్టలు, భోజనం, లెక్కల టీచరు ఒకేచోట దొరికిన పిల్ల గ్రూపును భయంతో కాకుండా తెలివితో ఎంచుకోగలదు.

ఫీజు ఇదే గేటుకు ఇంకో గడియ. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగ్ సీట్లలో 70 శాతం కన్వీనర్ కోటా, 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా. ఆదాయ పరిమితికి లోబడి ఎస్సీ విద్యార్థికి రీయింబర్స్‌మెంట్ వచ్చేది కన్వీనర్ సీటుకే. మంచి కాలేజీలో గిరాకీ ఉన్న బ్రాంచికి ర్యాంకు చాలకపోతే, డబ్బున్న ఇంటి పిల్లవాడు మేనేజ్‌మెంట్ కోటాలో అదే కాలేజీలో చేరతాడు. మన పిల్లవాడు వేరే కాలేజీకో, వేరే బ్రాంచికో పోతాడు. తర్వాత ఇద్దరి జీతాలు పోల్చి ప్రతిభ గురించి మాట్లాడతారు.

రెండో గేటు: కాలేజీ లోపల

సీటు రావడంతో కోర్సు విలువ చేతికి రాదు. తెలుగు మీడియం నుంచి వచ్చిన విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో పాఠంతో పాటు భాషతోనూ కుస్తీ పడతాడు. అక్కడ మిగిలిన బ్యాక్‌లాగ్‌లు మూడో సంవత్సరందాకా వెంటాడతాయి. క్యాంపస్ ఎంపికలకు వచ్చే కంపెనీలు చాలావరకు ఇన్ని శాతం మార్కులుండాలి, బ్యాక్‌లాగ్‌లు ఉండకూడదు అని ముందే గీత గీస్తాయి. మొదటి సెమిస్టర్‌లో ఒక మంచి సీనియర్ దొరకడం, ఒక బ్రిడ్జి కోర్సు ఉండడం నాలుగేళ్ల తర్వాత వచ్చే జీతాన్ని నిర్ణయిస్తాయి.

ఇంగ్లిష్ విలువ ఎంతో అంకెల్లో కూడా చూశారు. మెహతాబుల్ ఆజం, ఏమీ చిన్, నిశిత్ ప్రకాష్ 2013లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడే పురుషుల గంట వేతనం అసలు రానివాళ్ల కంటే సగటున 34 శాతం ఎక్కువ. కొద్దిగా వచ్చినవాళ్లకు 13 శాతం ఎక్కువ. అంటే భాష వల్ల వచ్చే తేడా, పైన చెప్పిన సైన్స్ గ్రూపు తేడా కంటే తక్కువేమీ కాదు. ఏ కోర్సులో చేరినా ఇంగ్లిష్ మీద పెట్టే సమయం వృథా కాదనడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

ఇంకొకటి మన విద్యార్థి సంఘాలకు బాగా తెలిసిన సమస్య. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. ప్రభుత్వం కాలేజీకి పడ్డ అప్పుకు విద్యార్థి పట్టా తాకట్టు అవుతుంది. పట్టా చేతిలో లేక ఉద్యోగంలో చేరలేకపోయిన ప్రతి నెలా ఆ కోర్సు విలువ తగ్గుతుంది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఎస్సీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్‌కు ఐదేళ్లకు 59,048 కోట్ల రూపాయల ప్రణాళికను ఆమోదించింది. అందులో 60 శాతం కేంద్రం, 40 శాతం రాష్ట్రాలు భరించాలి. కాగితం మీద ఉన్న ఈ డబ్బు సకాలంలో రావడం సంక్షేమ సమస్యే కాదు, నేరుగా జీతాల సమస్య.

మూడో గేటు: ఉద్యోగం ఇచ్చే చోట

ఎస్. మాధేశ్వరన్, పాల్ అట్టెవెల్ 2007లో జాతీయ నమూనా సర్వే సమాచారంతో పట్టణ నెలజీతగాళ్ల వేతనాలను పరిశీలించారు. సమాన అర్హతలున్నవాళ్లతో పోలిస్తే ఎస్సీ, ఎస్టీలకు వివక్ష వల్ల 15 శాతం తక్కువ వేతనం వస్తోందని తేల్చారు. వివక్ష ప్రభుత్వ రంగంలోనూ ఉంది, ప్రైవేటు రంగంలో చాలా ఎక్కువగా ఉంది. ఇంకో ముఖ్యమైన సంగతి: ఒకే పనికి తక్కువ జీతమివ్వడం కంటే, మంచి పనిలోకే రానివ్వకపోవడం పెద్ద కారణం.

రానివ్వకపోవడం ఎలా జరుగుతుంది? సుఖదేవ్ థోరాట్, పాల్ అట్టెవెల్ 2005 అక్టోబరు నుంచి 66 వారాలపాటు ఒక ప్రయోగం చేశారు. ఇంగ్లిష్ పత్రికల్లో వచ్చిన 548 ఉద్యోగ ప్రకటనలకు 4,808 దరఖాస్తులు పంపారు. సమాన అర్హతలున్న దరఖాస్తుల మీద పేర్లు మాత్రం మార్చారు. పైకులం హిందూ పేరుతో పోలిస్తే దళిత పేరుకు పిలుపు వచ్చే అవకాశం 0.67 వంతు, ముస్లిం పేరుకు 0.33 వంతు అని తేలింది. సురీందర్ జోధ్కా, కేథరీన్ న్యూమన్ 25 మంది మానవ వనరుల అధికారులను ఇంటర్వ్యూ చేస్తే, ప్రతిభే చూస్తామంటూనే కుటుంబ నేపథ్యం తప్పకుండా అడుగుతామన్నారు. కులం అడగనక్కర్లేదు, తండ్రి ఏం చేస్తాడని అడిగితే చాలు.

అయితే అన్ని రంగాలూ ఒకేలా లేవు. అభిజిత్ బెనర్జీ బృందం ఢిల్లీ చుట్టుపక్కల 371 ఉద్యోగాలకు 3,160 దరఖాస్తులు పంపి 2009లో ఫలితాలు ప్రచురించింది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల్లో ఇంటర్వ్యూ పిలుపు దశలో కులవివక్షకు ఆధారం దొరకలేదు. కాల్ సెంటర్లలో పైకులాలకు మొగ్గు కనిపించింది. ఎందుకీ తేడా? మా అవగాహన ఇది: కొలవగల నైపుణ్యం కోడ్ రూపంలోనో పరీక్ష రూపంలోనో ముందుంటే పేరుకు విలువ తగ్గుతుంది. మాటతీరు, యాస, హుందాతనం వంటివి కొలతగా పెట్టుకున్న చోట కులం దూరుతుంది. ఒక ఉన్నత విద్యాసంస్థ క్యాంపస్ ఎంపికలను దశలవారీగా పరిశీలించిన సౌమిత్ర శుక్లా కూడా, కులాల మధ్య తేడా రాత పరీక్షల్లోనో బృంద చర్చల్లోనో కాక, చివరి వ్యక్తిగత ఇంటర్వ్యూ దశలోనే ప్రధానంగా పుడుతోందని చూపారు.

వేరే ఫలితం వచ్చిన అధ్యయనాన్నీ దాచకూడదు. అహ్మదాబాద్ ఐఐఎం 2006 బ్యాచ్ మీద సుజయ్ చక్రవర్తి, ఇ. సోమనాథన్ చేసిన అధ్యయనంలో ఎస్సీ, ఎస్టీ పట్టభద్రుల వేతనాలు గణనీయంగా తక్కువగా కనిపించాయి. గ్రేడ్లను లెక్కలోకి తీసుకోగానే ఆ తేడా మాయమైంది. కంపెనీలు కులం చూడలేదనడానికి దీన్ని వాడతారు. కానీ గ్రేడ్ల తేడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. మూడో గేటు దగ్గర వివక్ష లేకపోతే, మొదటి రెండు గేట్ల దగ్గర జరిగింది అక్కడ జీతం రూపంలో బయటపడిందని అర్థం.

కోర్సు చివర ఏ తలుపుంది?

అందుకే ఏ కోర్సుకు ఎంత జీతం అని కాకుండా, ఈ కోర్సు చివర ఏ తలుపుంది, దాన్ని ఎవరు తీస్తారు అని అడగాలి. తెలుగు రాష్ట్రాల్లో మన పిల్లలు ఎక్కువగా ఎదుర్కొనే దారులను ఇలా చూడవచ్చు.

ఏ డిగ్రీ అయినా సరిపోయే తలుపులు. గ్రూప్-1, గ్రూప్-2, ప్రభుత్వ బ్యాంకుల క్లర్క్, ఆఫీసర్ పరీక్షలు, రైల్వేలో డిగ్రీ స్థాయి పోస్టులు, ఎస్‌ఎస్‌సీ కంబైన్డ్ గ్రాడ్యుయేట్ లెవెల్. వీటిలో రాత పరీక్ష ఉంది, రిజర్వేషన్ ఉంది, అందరికీ ఒకే పే స్కేలు ఉంది. బీఏ చదివి గ్రూప్-2 కొట్టినామెకూ, బీటెక్ చదివి కొట్టినాయనకూ జీతం ఒకటే. ఈ దారి ఎంచుకున్న విద్యార్థికి పనికిరాని డిగ్రీ అంటూ లేదు. ఖర్చు వేరే చోట ఉంది, అది నిరీక్షణ. నోటిఫికేషన్లు ఎప్పుడొస్తాయో తెలియదు, కోర్టు కేసుల్లో ఏళ్లు గడుస్తాయి. ఎస్సీ స్టడీ సర్కిళ్ల ఉచిత శిక్షణ వాడుకోవాలి. ఎన్నేళ్లు ప్రయత్నిస్తామో ఇంట్లో ముందే మాట్లాడుకుని, మధ్యలో ఆదాయమిచ్చే పని ఒకటి చేతిలో పెట్టుకోవాలి.

టీచరు ఉద్యోగం. తెలంగాణలో 2024 డీఎస్సీలో 11,062 పోస్టులు, ఆంధ్రప్రదేశ్‌లో 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. మన తల్లిదండ్రులు గౌరవించే ఉద్యోగం ఇది. కానీ 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తీర్పుతో ప్రాథమిక తరగతులకు బీఈడీ అర్హత కాకుండా పోయింది. సెకండరీ గ్రేడ్ టీచరు కావాలంటే డీఈడీ ఉండాలి. స్కూల్ అసిస్టెంట్ కావాలంటే బీఈడీతో పాటు డిగ్రీలో చదివిన సబ్జెక్టు కూడా ముఖ్యం. ఒక్క తీర్పుతో వేలమంది చదివిన కోర్సు విలువ మారిపోయింది. డిగ్రీలో కాంబినేషన్ ఎంచుకునే రోజే ఈ నియమాలు చదువుకోవాలి.

ఇంజనీరింగ్. రాత పరీక్షతో మొదలయ్యే ఎంపికలు ఎక్కువగా ఉండడం వల్ల మనకు తెరుచుకున్న పెద్ద ప్రైవేటు తలుపు ఇదే. కానీ ఇప్పుడు తెలంగాణలో కన్వీనర్ సీట్లలో సగానికి పైగా కంప్యూటర్ సైన్స్, దాని అనుబంధ బ్రాంచీలవే. అంతమంది ఒకే తలుపు దగ్గర నిలబడినప్పుడు బ్రాంచి పేరు కంటే కాలేజీ, చేతిలో ఉన్న పని ఎక్కువ తేడా తెస్తాయి. ఊరూ పేరూ లేని కాలేజీలో కంప్యూటర్ సైన్స్ కంటే, అధ్యాపకులున్న ప్రభుత్వ విశ్వవిద్యాలయ కాలేజీలో సివిలో ఎలక్ట్రికలో మేలు కావచ్చు. సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవాళ్లకు ఏఈ, ఏఈఈ, జెన్‌కో, ట్రాన్స్‌కో వంటి రిజర్వేషన్ ఉన్న సాంకేతిక పోస్టుల తలుపు కూడా ఉంటుంది.

కామర్స్. బీకాం కంప్యూటర్స్ మన పట్టణాల్లో బాగా నడుస్తున్న కోర్సు. జీఎస్టీ, ట్యాలీ పని తెలిసినవాళ్లకు పని దొరుకుతుంది. అయితే చిన్న ఆఫీసుల్లో నియామకం తెలిసినవాళ్ల ద్వారా జరుగుతుంది, మొదటి జీతం తక్కువ. ఈ కోర్సు పూర్తి విలువ సీఏ, సీఎంఏ, బ్యాంకు పరీక్షల వంటి తర్వాతి మెట్టుతో వస్తుంది. ఆ మెట్టు ఎక్కే కాలానికి డబ్బు ఎక్కడిదన్నది ముందే ఆలోచించాలి.

న్యాయశాస్త్రం. ఉద్యమానికి లాయర్లు కావాలి, అందులో అనుమానం లేదు. కానీ మొదటి ఏళ్ల ఆదాయం సీనియర్ దయ మీద నడుస్తుంది. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. తండ్రి ఆఫీసు ఉన్న పిల్లవాడికి ఆ మూడేళ్లు శిక్షణ, మన పిల్లకు మూడేళ్లు జీతం లేని కాలం. జూనియర్ దళిత న్యాయవాదులకు బతకగలిగే స్టైపెండ్ కోసం పోరాడకుండా న్యాయవ్యవస్థలో మన ప్రాతినిధ్యం పెరగదు.

పరిశోధన, అధ్యాపక వృత్తి. జేఆర్ఎఫ్ వస్తే 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు. అది రాకపోతే నాన్-నెట్ ఫెలోషిప్ 8,000. ఎస్సీ నేషనల్ ఫెలోషిప్‌కు ఏడాదికి 2,000 స్లాట్లు. పీహెచ్‌డీ తర్వాత చాలామంది గెస్ట్, పార్ట్‌టైమ్ ఫ్యాకల్టీగా ఏళ్లు గడుపుతారు. ఇక్కడ సబ్జెక్టు ఎంపికను రోస్టర్ కూడా శాసిస్తుంది. 2017లో అలహాబాద్ హైకోర్టు తీర్పు తర్వాత శాఖను యూనిట్‌గా తీసుకుని రిజర్వేషన్ లెక్కించాలన్నారు. అదే నిలబడి ఉంటే ముగ్గురు, నలుగురు అధ్యాపకులుండే చిన్న శాఖల్లో ఎస్సీ వంతు దాదాపు ఎన్నటికీ రాదు. దేశవ్యాప్త నిరసనల తర్వాత 2019లో వచ్చిన చట్టంతో కేంద్ర సంస్థల్లో మళ్లీ మొత్తం సంస్థే యూనిట్ అయింది. ఆ రోజు వీధిలోకి వచ్చినవాళ్లు తమకు తెలియకుండానే చిన్న సబ్జెక్టులు చదివే దళిత విద్యార్థుల భవిష్యత్ జీతాల కోసం పోరాడారు.

విదేశీ చదువుకూ ఇది వర్తిస్తుంది. 2022లో కేంద్రం నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ నిబంధనలు మార్చి, భారతీయ సంస్కృతి, చరిత్ర, భారత సమాజం మీద పరిశోధనలకు ఆ స్కాలర్‌షిప్ ఇవ్వబోమంది. కులం మీద కొలంబియాలో వ్యాసం రాసిన అంబేద్కర్ ఇవాళ దరఖాస్తు చేస్తే ఆ అంశంతో అర్హుడు కాడు. ఏ సబ్జెక్టు మనది, ఏది కాదు అని నిర్ణయించే చేయి పర్షియన్ క్లాసులో కూర్చోబెట్టిన రోజు నుంచి ఇంకా పనిచేస్తూనే ఉంది.

చేరేముందు అడగవలసిన ఐదు ప్రశ్నలు

ఒకటి, ఈ కోర్సు చివర రాత పరీక్ష ఉందా, లైసెన్సు ఉందా, ఇంటర్వ్యూ ఒక్కటే ఉందా? మొదటి రెండు ఉంటే మన శ్రమకు విలువ ఎక్కువ.

రెండు, రీయింబర్స్‌మెంట్ పోగా హాస్టల్, మెస్, బస్సు, ల్యాప్‌టాప్, కోచింగ్ కలిపి ఇంటి మీద పడే అసలు ఖర్చెంత?

మూడు, పట్టా వచ్చాక మొదటి జీతానికి ఎన్నాళ్లు పడుతుంది? అన్నాళ్లు ఇల్లు ఆగగలదా?

నాలుగు, ఈ కాలేజీ చెప్పే ప్లేస్‌మెంట్ అంకెలు నిజమేనా? ఫ్లెక్సీ మీద ఉండే అత్యధిక ప్యాకేజీని నమ్మొద్దు. జాతీయ ర్యాంకింగుల వ్యవస్థ ఎన్‌ఐఆర్‌ఎఫ్‌లో పాల్గొనే ప్రతి కాలేజీ సమర్పించిన పత్రం బహిరంగంగా ఉంటుంది. ఎంతమంది చేరారు, సకాలంలో ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్లలో సరిగ్గా మధ్యన ఉన్నవారి జీతమెంత అన్నవి అందులో ఉంటాయి. చేరినవాళ్ల సంఖ్యతో ఉద్యోగం వచ్చినవాళ్ల సంఖ్యను పోల్చి చూడండి.

ఐదు, ఆ కాలేజీలో మన సీనియర్లున్నారా? ఉంటే వాళ్లతో మాట్లాడాకే ఆప్షన్ పెట్టండి. మనకు మేనేజరు మేనమామ లేడు, మన నెట్‌వర్క్ మన సీనియర్లే.

మనం డిమాండ్ చేయవలసింది

విద్యార్థి ఒక్కడే ఎంత తెలివిగా ఎంచుకున్నా గేట్లు వాటంతట అవి తెరుచుకోవు. శ్రామిక సర్వే నివేదికలు చదువు స్థాయిని బట్టి నిరుద్యోగం చెబుతాయి గానీ, బీఏ, బీకాం, బీఎస్సీ విడివిడిగా చెప్పవు. ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రంలో సామాజికంగా వెనుకబడిన విద్యార్థులు ఎందరో ఉంటుంది, వాళ్లలో ఎందరికి ఎంత జీతంతో ఉద్యోగం వచ్చిందో ఉండదు. మన ఫీజు కోసం ప్రభుత్వం కాలేజీలకు కోట్లు చెల్లిస్తుంది. ఆ డబ్బుతో చదివిన పిల్లలు ఏమయ్యారని అడిగే హక్కు మనకుంది. రీయింబర్స్‌మెంట్ తీసుకునే ప్రతి కాలేజీ కోర్సువారీగా, సామాజిక వర్గం వారీగా, అమ్మాయిలకు అబ్బాయిలకు విడిగా ఉత్తీర్ణత, ఉద్యోగం, జీతం వివరాలు ఏటా ప్రకటించాలి. ప్రతి మండలంలో కనీసం ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్కలు, సైన్సు అధ్యాపకులు, ల్యాబులు ఉండాలి. బకాయిల పేరుతో సర్టిఫికెట్లు ఆపడం నేరంగా పరిగణించాలి. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ డిమాండ్‌తో పాటు, నియామకాల్లో కుల వివరాల వెల్లడి డిమాండ్ కూడా కలపాలి.

ఆర్ట్స్ చదివే పిల్లను చిన్నచూపు చూడొద్దని మన సంఘాలు గట్టిగా చెప్పాలి. చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం చదివినవాళ్లు లేకుండా మన ఉద్యమాలకు మాట ఉండేది కాదు. అదే సమయంలో, సైన్సు చదవగలిగిన పిల్ల ల్యాబు లేక, లెక్కల టీచరు లేక ఆర్ట్స్‌లోకి వస్తే దాన్ని ఎంపిక అని పిలవొద్దు. వచ్చే కౌన్సెలింగ్ సీజన్‌కు ప్రతి హాస్టల్లో, ప్రతి అంబేద్కర్ భవన్‌లో ఒక హెల్ప్ డెస్క్ పెట్టండి. ఒక ఫోను, ఎన్‌ఐఆర్‌ఎఫ్ పత్రాలు, ఇద్దరు సీనియర్లు, పై ఐదు ప్రశ్నలు ఉంటే పని మొదలవుతుంది. ఆప్షన్లు ఫ్రీజ్ చేసే రోజు కాలేజీ పీఆర్వో కంటే ముందు మనవాళ్లు ఆ ఇంటికి చేరాలి.